గుడ్డ కింది వణుకు

ఆలపర్తి శ్రీకర్ని తిట్టడానికి నాంచారయ్య దగ్గర మాటలకు కొదవ లేదు. పసుపు యార్డులో ముప్ఫై అయిదేళ్ళు తిరిగిన మనిషికి తిట్లు వెతుక్కోవలసిన పనేముంది? అయినా ఎవరడిగినా ఒకటే చెప్పేవాడు: “వాడు నన్ను మోసం చేశాడని నేననను. ఒక యంత్రానికి కంకణమని పేరు పెట్టాడు. నా కొంప ముంచింది ఆ పేరే.”

శ్రీకర్ పరాయివాడు కాదు. దుగ్గిరాల యార్డులో కమీషన్ వ్యాపారం చేసి పోయిన రంగారావు కొడుకు. పసుపు బస్తాల మీద దొర్లి పెరిగి, ఎక్కడెక్కడో పెద్ద చదువులు చదివి, యార్డు ఎదురుగా మేడ మీద ‘ధరవాణి’ అని బోర్డు కట్టి ప్రయోగశాల పెట్టాడు. పెట్టిన మర్నాడే నాంచారయ్యను వెతుక్కుంటూ వచ్చాడు.

“బాబాయ్, నీ చెయ్యి కావాలి.”

“ఉన్నదొకటే గదరా. అది గూడా నీకిస్తే నేనేం పెట్టుకు తినాలా?” అన్నాడు నాంచారయ్య.

నిజంగానే ఒకటే. పదహారో ఏట పసుపు పాలిష్ చేసే డ్రమ్ము పట్టీలో పడి ఎడమచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆ పోయినదాని తెలివి కూడా కుడిచేతికే వచ్చిందని యార్డులో అనుకునేవాళ్ళు. బస్తాలోకి చెయ్యి పోనిచ్చి, ఒక కొమ్ము తీసి, బొటనవేలితో ఒత్తి చెవి దగ్గర విరిచేవాడు. విరిగిన మోతను బట్టి ఎంత ఎండిందో, ఎన్నాళ్ళు నిలవుంటుందో, క్వింటాలు ఎంత పలకాలో చెప్పేవాడు. సాయంత్రానికి ధర అటూ ఇటూ ఇరవై రూపాయల తేడాలో అక్కడే తేలేది. ఇదంతా బేరాలు ఫోన్లలోకి పోకముందు మాట. ఇప్పుడు అతని చేతిని అడిగేవాడు లేడు.

ఆ చేతికి మిగిలిన పెద్ద పని ఇంట్లోనే ఉంది. అతని భార్య పున్నమ్మ ఇరవై ఏళ్ళు ఆ పాలిష్ డ్రమ్ముల పక్కన కూలికి పనిచేసింది. ఆ మోతకు చెవులు పోయాయి. తరవాత షుగరు వచ్చి కళ్ళు పోయాయి. మిగిలింది నోరు. అది మాత్రం రెండింతలైంది. ఆమె మాట్లాడుతుంది, అతను చేత్తో జవాబు చెబుతాడు. ఆ భాష ఇద్దరికీ యార్డే నేర్పింది. వెనకటి బేరగాళ్ళు నలుగురికీ ధర తెలియకుండా తువ్వాలు కింద చేతులు కలిపి మాట్లాడుకునేవాళ్ళు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత అంకె. మణికట్టు మీద తడితే పదులు. అరచేతిలో తడితే ఖాయం. పట్టుకున్న చెయ్యి ఊపితే చాలదని, బేరం కుదరదని. ఇంట్లో దానికి వాళ్ళ సొంత మాటలు కలిశాయి. ఒక వేలు మంచినీళ్ళు, రెండు వేళ్ళు అన్నం, మూడు వేళ్ళు మందు. పున్నమ్మ అడుగుతూ వేలు పట్టుకునేది, అతను అరచేతిలో తట్టేవాడు. ఖాయం, తెస్తున్నానని.

అలాంటి చెయ్యిని శ్రీకర్ అడిగాడు.

“ఫ్యూచర్స్ అంటే వచ్చే నెల ధర మీద ఇవాళ పందెం కాయడం బాబాయ్. సరుకు చూడక్కర్లా, మొయ్యక్కర్లా. ఆ పందేల వల్ల అసలు సరుకు ధర కుదురుగా ఉంటదని కొందరు, ఇంకా ఎగిరెగిరి పడతదని కొందరు. ఆ తగవు తేలలా. ధరనేది చేత్తో పట్టుకు చూసే వస్తువు కాదుగా, ఎట్టా తేలుద్ది? అదే ధరని నీ చేతిలో పెడితే, నీ నరం పట్టుకుని కొలవచ్చు. నెలకి అరవై వేలిస్తాం.”

పున్నమ్మ ఇన్సులిన్‌కే నెలకు నాలుగు వేలవుతున్నాయి. నాంచారయ్య ఊఁ అన్నాడు.

శ్రావణమాసంలో మంచిరోజు చూసి కంకణం కట్టారు. నల్లటి పట్టీ, లోపలివైపు వెంట్రుకంత సన్నటి తీగెలు రెండు. అవి చర్మం దాటి నరాన్ని తాకుతాయి. పైన శ్రీకరే పసుపు దారం చుట్టి ఒక పసుపు కొమ్ము వేలాడదీశాడు. ఫొటోలు తీశారు. తొమ్మిది పేజీల కాయితం మీద సంతకం పెట్టించారు. అయిదో తరగతి సగంలో మానేసినవాడు తొమ్మిది పేజీలు ఏం చదువుతాడు? యార్డు గేటు దాటగానే పట్టీ విప్పేయాలని ఆరో పేజీలో ఉందట. నోటితో ఎవరూ చెప్పలేదు. కంకణమన్నారు. తలపెట్టిన పని ముగిసేదాకా కట్టిన కంకణం విప్పకూడదని పుట్టిన దగ్గర్నుంచీ విన్న మనిషి. స్నానం చేసేటప్పుడు కూడా దాన్ని నీళ్ళకు ఎడంగా పెట్టుకునేవాడు.

మొదటి నెల పందేలు లేవు. నాంచారయ్య యార్డులో కుర్చీ వేసుకుని కొమ్ములు విరిచేవాడు. అతని నోరు చెప్పకముందే మేడ మీది ధరల బోర్డులో ధర పడేది. పద్నాలుగు వేల రెండొందలు. పద్నాలుగు వేల నూట ఎనభై. చెయ్యి రాయిలా ఉండేది. శ్రీకర్ దగ్గర వణుకుకు వందకింతని ఒక లెక్క ఉంది. ఆ నెలంతా అది మూడు దాటలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు మాత్రం బోర్డు మీద ధర కాసేపు రెండొందలో మూడొందలో ఎగిరి దిగేది. ఎందుకో ఎవరికీ తెలియలేదు, పట్టించుకోలేదు కూడా. ఆ వేళకు నాంచారయ్య ఇంటికి పోయి భార్యకు అన్నం పెడుతుండేవాడు. ఆమె రెండు వేళ్ళు పట్టుకుంటే పట్టీ దాన్ని బేరమనుకుని రెండొందలు కలిపేది. మందుకు మూడు వేళ్ళు పట్టుకుంటే మూడొందలు.

రెండో నెల పందేలు మొదలయ్యాయి. ఆ చెయ్యి నెలాఖరు గురువారం ఎంత ధర చెబుతుందనే దాని మీద దేశంలో ఎవరైనా కొనచ్చు, అమ్మచ్చు. పందెంగాళ్ళు ఎంతకు కొంటున్నారో చేతికీ తెలియాలని, ఆ ధర తిరిగి తీగెల్లోంచి సన్నటి చురుకులా నరంలోకి వచ్చే ఏర్పాటు చేశారు. మొదటిరోజు పది లాట్లు, అంటే పది పందేలు. నాంచారయ్యకు చీమ పాకినట్టయింది. వారానికి వెయ్యి లాట్లు. చీమలు కుట్టడం మొదలుపెట్టాయి.

పన్నెండున్నర ఎగురుడును పందెంగాళ్ళు కనిపెట్టారు. దానికి ‘మధ్యాహ్నం గాలి’ అని పేరు పెట్టుకున్నారు. ముంబైలో ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ళు, దుగ్గిరాలలో ఒక గుడ్డి ముసల్ది ఎన్నింటికి అన్నమడుగుతుందో తెలియకుండానే, దాని మీద లక్షలు కాశారు. పన్నెండింటి నుంచే కొనేవాళ్ళు. ఆ కొనుగోళ్ళ చురుకులు నరంలోకి వచ్చేవి, చెయ్యి వణికేది, ఆ వణుకు మళ్ళీ ధరై బోర్డెక్కేది. దాన్ని చూసి ఇంకో పదివేల మంది వచ్చేవాళ్ళు. ఇరవయ్యో తేదీకి వణుకు అరవై ఒకటి. నాంచారయ్య కొమ్ము చేతిలోకి తీసుకుంటే అది చిడతలా కొట్టుకుంటోంది. విరిచినా మోత తెలియడం లేదు.

అది భరించాడు. డబ్బిచ్చే పనికి నొప్పి ఉంటుందనుకున్నాడు. భరించలేనిది ఇంట్లో జరిగింది.

ఒకరోజు పున్నమ్మ అతని వేలు పట్టుకుని, “నోరు పిడచ కట్టుకుపోతంది, కాసిని నీళ్ళియ్యి,” అంది. అతను అరచేతిలో తట్టబోయాడు. చెయ్యి ఆగలేదు. ఆమె చేతిలో అటూ ఇటూ ఊగిపోయింది.

పున్నమ్మ నవ్వింది. “ఏందయ్యా, నీళ్ళకి గూడా బేరమా? చాలదంటావేంది? సరే, రెండు గ్లాసులియ్యి.”

అతను నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. మర్నాడు అన్నమడిగితే చెయ్యి మళ్ళీ ఊగింది. ఆమె నవ్వలేదు. మూడో రోజు మందుకు మూడు వేళ్ళు పట్టుకుంది. చెయ్యి ఎంత గట్టిగా ఊగిందంటే ఆమె గాజు పగిలింది.

“కుదరదా?” అంది మెల్లగా. “పోన్లే.”

ఆ తరవాత ఆమె అడగడం మానేసింది. కంచం ముందు పెడితే రెండు ముద్దలు తిని తోసేసేది. గ్లాసు పెదాలకు ఆనిస్తే ఒక గుక్క తాగి మొహం తిప్పేది. పక్కింటి మరియమ్మ చెప్పింది: “బాబాయ్, పిన్ని నాతో ఏమంటందో ఎరికేనా? ‘నా మొగుడికి నా మీద మనసిరిగింది మరియమ్మా. నోటితో చెప్పేవాడైతే దాచేవాడే. చెయ్యి గదా, అబద్ధమాడదు. రోజూ కుదరదు కుదరదంటంది,’ అంటంది. నేను కాదని ఎట్టా చెప్పేది? నా చెయ్యి ఆమెకి అర్థం కాదాయె.”

నాంచారయ్య ఆ మధ్యాహ్నం మోడుతోనూ పళ్ళతోనూ లాగి చేతికి తడిగుడ్డ చుట్టాడు. మంచం కోడుకు కట్టేశాడు. మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి ఒక్క అరచేతి తట్టు కోసం గంటసేపు పెనుగులాడాడు. చివరికి చెయ్యి ఆమె చెంపకు తగిలింది. ఆమె కొట్టాడనుకుంది.

అతను మేడమెట్లు ఎక్కాడు.

“తీసెయ్యరా దీన్ని.”

“ఇప్పుడు తియ్యలేను బాబాయ్. తీగెలు నరంలో పాతుకుపోయినయ్. రోజూ విప్పుంటే అంటుకునేవి కాదు. గేటు దాటగానే విప్పమన్నాం గదా, కాయితంలో...”

“కంకణమన్నావ్! కొమ్ము కట్టావ్, దారం చుట్టావ్. నడిమధ్యలో కంకణం విప్పేవాణ్ణి ఎక్కడన్నా చూశావంట్రా? మీ నాన్నేనా చూశాడా?”

శ్రీకర్ తల వంచుకున్నాడు. ఆ మాట ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు. పిల్లప్పుడు విన్న మాట, వినసొంపుగా ఉందని పెట్టాడు. “ఇప్పుడు లాగితే చెయ్యి చచ్చుపడిపోద్ది. చురుకులు ఆగి ఒక పూట నెమ్మదిస్తే వాటంతట అవే ఊడొస్తయ్. గురువారం గడువైపోద్ది. అంతదాకా...”

“అయిదు రోజులు! మీ పిన్ని నీళ్ళు మానేసిందిరా. డాక్టరు మూత్రపిండాలు పోతాయన్నాడు. ఆ బోర్డు ఆపు.”

“ఆపే అధికారం నాకు లేదు. ఇరవై రెండు వేలమంది డబ్బుంది దాని మీద.” అతను బోర్డు మీది అంకెలకేసి వేలు చూపించాడు. “ఒక దారుంది. అందరూ ఒకే వైపు తోస్తన్నారు, కొంటానే ఉన్నారు. అవతలి వైపు అమ్మేవాడు నిలబడితే ఆ తోపుడు తగ్గి చురుకులు సన్నబడతయ్. చెయ్యి నిలబడుద్ది. కానీ నిలబడేవాడికి పూచీ కావాలి. పెద్ద పూచీ.”

“నే నిలబడతా.”

“నీ చేతికి ఎదురు నువ్వేనా?”

“మరెవరు నిలబడతారా? నా పెళ్ళానికి నీళ్ళు తాగించడానికి ముంబై వాడొస్తాడా?”

శ్రీకర్ లెక్కలు వేసి చూపించాడు. గురువారం సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా చెయ్యి చెప్పే ధర సగటు తీస్తారు. అది పద్నాలుగు వేల రెండొందల దగ్గర ఉంటే నాంచారయ్యకు పోయేదేమీ లేదు. అంతకంటే నూట యాభై పెరిగితే పూచీ మొత్తం పోతుంది. ఆ అరగంట కొమ్ము పట్టుకుని కదలకుండా కూర్చుంటే చాలు.

పూచీగా పెట్టడానికి నాంచారయ్యకంటూ గజం భూమి లేదు. ఉన్నది పున్నమ్మకే. కాలువ కింద పసుపు పండే నేల, ఆమె తండ్రి పసుపు కుంకుమల కింద రాసిచ్చింది. ఆ నేలంతా పూచీ రాయించుకోడానికి ఆదివారం పొద్దున ధరవాణి మనిషి సిరాపెట్టెతో వచ్చాడు. నాంచారయ్య భార్య బొటనవేలు పట్టుకుని నాలుగు చోట్ల అద్దించాడు.

“ఏందిది?” అంది పున్నమ్మ.

తోచినది చెప్పాడు. ఊగే చేతిని మోకాలితో అదిమిపెట్టి ఆమె మూడు వేళ్ళు పట్టుకున్నాడు. మందు. మందుల కాయితమని.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమెతో చేత్తో ఆడిన మొదటి అబద్ధం అది.

సోమవారం నాంచారయ్య పేరున ఎదురు పందెం పడగానే చురుకులు తగ్గాయి. వణుకు ముప్ఫై అయింది, సాయంత్రానికి పదిహేను. మంగళవారం మధ్యాహ్నం అతను భార్య పక్కన కూర్చుని చెయ్యి అందించాడు. ఆమె చాలాసేపు పట్టించుకోలేదు. తరవాత, అలవాటు మీదేమో, ఒక వేలు పట్టుకుంది. ఊపిరి బిగబట్టి అరచేతిలో తట్టాడు. ఒక్కసారి, మెత్తగా. ఖాయం.

పున్నమ్మ గ్లాసెడు నీళ్ళూ తాగింది. ఇంకో గ్లాసు తాగింది. గడ్డం మీదుగా కారిన నీళ్ళు తుడుచుకుంటూ, “సచ్చినోడా, ఇన్నాళ్ళూ ఏ దెయ్యం పట్టింది నీకు?” అంది. నాంచారయ్య ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. మంగళ, బుధవారాలు ఆమె తిన్నది, తాగింది, లోకంలో ఉన్నవాళ్ళందర్నీ తిట్టింది.

గురువారం నాలుగింటికి అతను మేడ మీద కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి దూది దిండు మీద, చేతిలో కొత్త కొమ్ము. బోర్డు మీద పద్నాలుగు వేల రెండొందల పది. రెండొందల అయిదు. శ్రీకర్ గోడ గడియారం వైపు చూస్తూ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అందరి కంటే అతనే ఎక్కువ భయపడుతున్నట్టు కనిపించాడు.

నాలుగూ పదిహేడుకు మెట్ల మీద అలికిడైంది. మరియమ్మ భుజం పట్టుకుని పున్నమ్మ ఎక్కివచ్చింది.

“నేనాపలేకపోయా బాబాయ్,” అంది మరియమ్మ రొప్పుతూ. “ఆటో పిలిపించిందాకా ఊరుకోలా. పొలం కౌలుకి చేసే కోటేసు నా పక్కనే నిలబడి, ఎవరో మనుషులు చేలో గొలుసేసి కొలుస్తన్నారని నాతో చెప్పాడు. మా పిల్ల గొలుసు ఆమె చేతికిచ్చి, పొలం మట్టి అరచేతిలో పెట్టి, కొలిచినట్టు చూపించా. తప్పైపోయింది.”

పున్నమ్మ తడుముకుంటూ వచ్చి కుర్చీ పట్టుకుంది. మొగుడి భుజం, మోచెయ్యి, మణికట్టు. చేతిలో కొమ్ము తగిలితే తీసి పక్కన పెట్టింది.

“పిన్నీ, ఇప్పుడు కాదు! పన్నెండు నిమిషాలాగు!” అన్నాడు శ్రీకర్. ఎవరితో అంటున్నాడో అప్పుడు గుర్తొచ్చి చేతులు నెత్తిన పెట్టుకున్నాడు. “బాబాయ్, నువ్వన్నా కదలమాక. పన్నెండే నిమిషాలు.”

పున్నమ్మ కింద కూర్చుంది. పమిట కొంగు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పింది, యార్డులో లాగా.

“సిరా ఎందుకు పూశావయ్యా? మందుల కాయితమన్నావ్. మందులకి నాలుగేలిముద్రలు ఎవడడుగుతాడు? అప్పుడే అనుకున్నా. కానీ రెండ్రోజులకే నీ చెయ్యి నిలబడింది, నోరు మూసుకున్నా.” ఆమె గొంతు తగ్గింది. “నా పొలం తాకట్టు పెట్టావా?”

నాంచారయ్య చెయ్యి కదల్చలేదు. బోర్డు మీద పద్నాలుగు వేల రెండొందల పది.

“చెప్పకపోతే కుదరదన్నట్టే లెక్క. పెట్టుకుంటే పెట్టుకున్నావ్, పొలం నా నెత్తిన మోసుకుపోతానా? ఎంత పెట్టావో చెప్పు. నా చేతికి జవాబు చెప్పని మొగుడింట్లో నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను. అంతే.”

చీకట్లో, నిశ్శబ్దంలో, ఒక్క చేతి కోసం కాచుకుని కూర్చుంది ఆమె. అయిదు రోజుల కిందట ఆ చెయ్యి కుదరదన్నప్పుడు చావడానికి సిద్ధపడ్డ మనిషి. పన్నెండు నిమిషాలు ఆగమని ఆ భాషలో ఎలా చెప్పాలో అతనికి తెలియదు. ఆ భాషలో ఆగడానికి మాట లేదు. అవును, కాదు, ఎంత. అంతే.

“వద్దు బాబాయ్,” అన్నాడు శ్రీకర్.

నాంచారయ్య ఆమె వేళ్ళు రెండు పట్టుకున్నాడు.

బోర్డు పద్నాలుగు వేల నాలుగొందలకు ఎగిరింది. ఎక్కడెక్కడి కొనుగోళ్ళో ఒక్కసారి వచ్చి పడ్డాయి. మణికట్టు లోపల చురుకులు మొదలయ్యాయి, చీమలు, తరవాత తేళ్ళు. చెయ్యి ఊగబోతోంది. ఊగితే ఆమెకు అది కాదనే మాట. అతను మోడు ఎడమచేతిని తన కుడి మణికట్టు మీద పెట్టి, ఒళ్ళు బరువంతా దాని మీద వేసి తొక్కిపట్టాడు.

“రెండు,” అంది పున్నమ్మ బయటికి. “రెండేంది? రెండెకరాలా?”

అరచేతిలో తట్టాడు. ఖాయం. బోర్డు పద్నాలుగు వేల ఏడొందలు.

“తరవాత?”

ఆమె మణికట్టు మీద వేలితో తట్టాడు. పదులు. పళ్ళు బిగబట్టి, చెయ్యి పూర్తిగా తన మాట వినడం మానేసేలోపు, ఆమె నాలుగు వేళ్ళూ కలిపి పట్టుకున్నాడు. నిలకడగా, ఒక్క క్షణం, రాయిలాగా.

శ్రీకర్ బోర్డు వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు.

పున్నమ్మ ఆ వేళ్ళ నుంచి తన వేళ్ళు లాక్కోలేదు. రెండో చేత్తో కొంగు సర్దింది. గదిలో ఎవరున్నారో, ఎంతమంది వింటున్నారో ఆమెకు తెలియదు. యార్డులో బేరం తెగాక దళారి నలుగురికీ వినపడేలా అంకె చెప్పినట్టు, గట్టిగా చెప్పింది:

“రెండెకరాల నలభై సెంట్లు.”